పాత వెండి వడ్డన పాత్రలు: గుర్తించు విధము

ఉద్యోగరీత్యా బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీలో కాపురమున్న తెలుగువారి ఇండ్లలో అమ్మమ్మలనాటి నేతిగిన్నెలు, గరిటెలు, పన్నీరుబుడ్లు ఇంకను కానవచ్చును. నల్లబడినవని వాటిని తూకమునకిచ్చి క్రొత్తవి తెచ్చుకొనువారును కలరు. కరీంనగరపు వెండితీగల పళ్లెమును కరగించినచో మిగులునది లోహమే. పనితనము మరల రాదు. కావున సేకరింపగోరువారు మొదట మూడు పరీక్షలు నేర్వవలెను.

1. ముద్ర: పాత్ర అడుగును, పిడి వెనుకను భూతద్దముతో చూడవలెను. నడచుచున్న సింహము ఇంగ్లండు స్టెర్లింగు వెండికి గుర్తు. అందు వేయింట 925 పాళ్లు వెండి. ప్రక్కన లంగరున్నచో 1773లో ఏర్పడిన బర్మింగ్‌హాము పరీక్షాశాల ముద్ర. ‘ఇ.పి.ఎన్.ఎస్.’ అనగా వెండిపూత మాత్రమే. మన దేశములో వెండికి ప్రభుత్వ హాల్‌మార్కు 2005లో మొదలైనది. కనుక పాత వస్తువును ముద్ర లేదని త్రోసివేయరాదు.

2. అరుగుదల: అరిగిన అంచున ఎరుపుగాని పసుపుగాని తోచినచో అది పూత.

3. తూకము: 210 గ్రాముల వెండి గరిటె కొలపాత్రలో మునిగినచో నీరు సుమారు 20 మిల్లీలీటర్లు పెరుగును, అంతే బరువు ఇత్తడికి దాదాపు 25. బోలు పిడులకు ఈ పరీక్ష పనికిరాదు.

గట్టిగా తోమినచో ముద్రయే అరిగిపోవును. అంగడివాడు తూకమునకు వెలకట్టును. పనితనమునకు వెలకట్టవలసినవారు ఇంటివారే.