ఆ మూలుగు ఎక్కడిది?

చదువవలసిన భాగములు: యెహోషువ 7వ అధ్యాయము, నిర్గమకాండము 32:15–20
ధ్యానమునకు: కీర్తన 139:23, 24, సామెతలు 18:13



విశాఖపట్టణములో 1933లో ఓడరేవు తెరువబడెను. 1992లో ఉక్కు కర్మాగారము జాతికి అంకితము చేయబడెను. పట్టణము ఎంత పెరిగినను దాని వంటయింటికి కూరగాయలు పంపునవి చుట్టుపట్ల పల్లెలే. తెల్లవారకముందే వంకాయలు, బెండకాయలు, అనకాపల్లి బెల్లము ఎక్కించుకొని చిన్న పికప్ బండ్లు పట్టణము దారి పట్టును. చేపలరేవునుండి చేపలు ఎత్తుకొని అట్టి బండ్లే పల్లెలకు తిరిగివచ్చును. వాయిదాల మీద ఒక బండి కొనుక్కొని, దాని మీదనే ఇల్లు గడుపుకొను యౌవనస్థులు మన సంఘములలోను కలరు.

అట్టి బండికి ఒకనాడు ఒక మూలుగు పట్టుకొనును. బండి నడుచుచునే యుండును, బరువు లాగుచునే యుండును. అయితే వేగము హెచ్చినకొలది ఎక్కడనో సన్నగా, విడువకుండ ఒక రొద వినబడును. దానిని కనుగొను క్రమము తెలిసినయెడల బండిగలవానికి డబ్బు మిగులును. బండిలేనివారికి కూడ ఆ క్రమములో ఒక పాఠమున్నది గనుక ఈ నెల దానినే ధ్యానించుదము.

1. మొదట వినవలెను

మోషేయు యెహోషువయు కొండ దిగి వచ్చుచుండగా పాళెములోనుండి కేకలు వినబడెను. యెహోషువ యుద్ధము చేయువాడు గనుక అది యుద్ధధ్వని అనుకొనెను. మోషే అయితే జాగ్రత్తగా విని, అది గెలిచినవారి కేకయు కాదు, ఓడినవారి కేకయు కాదు, పాడువారి ధ్వని అని గుర్తించెను. ధ్వని ఒక్కటే, విన్న చెవులు వేరు. మనకు అలవాటైన సంగతియే మనకు ముందుగా తోచును. బ్యాటరీ పని చేయువానికి మూలుగు ఆల్టర్నేటరులో తోచును. గేర్‌బాక్సు విప్పువానికి గేర్‌బాక్సులో తోచును.

ఇంకొక చిక్కు కలదు. గాలిలో కంటె ఉక్కులో ధ్వని సుమారు 15 రెట్లు వేగముగా పోవును. ముందు పుట్టిన మూలుగు ఛాసిస్ వెంబడి ప్రాకి వెనుక వినబడవచ్చును. కాబట్టి ఎక్కడ వినబడుచున్నదో అక్కడనే దోషమున్నదని తీర్పు చేయరాదు.

1816లో పారిస్ నగరములో లెన్నెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి రోగి రొమ్మున ఆనించి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపు అట్లు పుట్టినది. అనుభవముగల మెకానికు కూడ పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఆల్టర్నేటరు, నీటి పంపు మొదలైనవాటి కదలని పైకవచము మీద ఒక్కొక్కదానిపై ఉంచి, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనించి వినును. దోషమున్న బేరింగు దగ్గర గరగర స్పష్టముగా చెవికి చేరును. ఈ పని చేయునప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రములకు అడ్డు పెట్టవలెను. మెడలో తువ్వాలు, వ్రేలాడు చొక్కా చేతులు బెల్టు దగ్గరకు రానీయకూడదు.

2. తరువాత వేరుచేయవలెను

మొదటి ప్రశ్న ఇది: బండి నిలిచియుండగా, గేరు వేయక, ఇంజను వేగము మాత్రము పెంచినప్పుడు మూలుగు హెచ్చుచున్నదా? అట్లయిన చక్రములును వెనుక యిరుసును నిరపరాధులు. వాటిని విప్పనక్కరలేదు. ఇంజనును, దాని ముందరి బెల్టు త్రిప్పుచున్నవాటిని, గేర్‌బాక్సును, టర్బోను మాత్రమే చూడవలెను. ఒక్క ప్రశ్నతో సగము బండి విచారణలోనుండి తప్పిపోయెను.

ఇప్పుడు ఒక్కొక్కటిగా అడుగుడి.

స్టీరింగు త్రిప్పినప్పుడు మూలుగు హెచ్చినయెడల స్టీరింగు పంపును అనుమానింపవలెను. నూనె మట్టము తగ్గినదేమో, నూనెలో నురుగు ఉన్నదేమో చూడుడి. నురుగు ఉన్నయెడల గాలి చొచ్చినదని గురుతు.

హెడ్‌లైట్లు వేయగానే స్వరము మారినయెడల ఆల్టర్నేటరు వైపు చూడుడి. దీపముల భారము దాని మీదనే పడును.

గేరు వేయకుండ నిలిచినప్పుడు వినబడు రొద, క్లచ్ తొక్కగానే ఆగిపోయినయెడల గేర్‌బాక్సు లోపలి బేరింగు అరిగియుండవచ్చును. క్లచ్ తొక్కినప్పుడే రొద పుట్టినయెడల క్లచ్ బేరింగును చూడవలెను.

బరువు లాగునప్పుడు సన్నని ఈల వినబడుట టర్బో ఉన్న బండికి సహజమే. ఆ ఈల సైరను వలె పెరిగి, లాగుడు తగ్గి, నల్లని పొగ వచ్చినయెడల గాలి గొట్టమునకు చిల్లు పడినదేమో, టర్బో బేరింగు అరిగినదేమో వెంటనే చూపించుకొనవలెను.

బండి నిలిచినప్పుడు ఏమియు లేక, నడుచునప్పుడే మూలుగు వచ్చినయెడల విచారణ వెనుకకు పోవును. ఖాళీగానున్న రోడ్డు మీద ఒకే వేగముతో మూడవ గేరులోను నాలుగవ గేరులోను నడిపి చూడుడి. ఇంజను వేగము మారినను మూలుగు మారనియెడల దోషము చక్రములలోనో వెనుక హౌసింగులోనో ఉన్నది. వంపు తిరిగినప్పుడు ఒక ప్రక్కకు హెచ్చి, రెండవ ప్రక్కకు తగ్గినయెడల చక్రపు బేరింగు. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక స్వరము, విడిచినప్పుడు మరియొక స్వరము వచ్చినయెడల క్రౌన్, పినియన్ పళ్లు. సిమెంటు రోడ్డునుండి తారు రోడ్డుకు వచ్చినప్పుడు స్వరము మారినయెడల అది టైర్ల రొదయే.

ఒక్కొక్కప్పుడు మూలుగు ఇంజనులోనే ఉండదు. రేడియో ఆపగానే అది కూడ ఆగిపోవును. ఎర్త్ తీగ వదులై, లేక సముద్రపు ఉప్పుగాలికి త్రుప్పు పట్టి, ఆల్టర్నేటరు కరెంటు స్పీకరులో చేరి ఇంజను వేగముతోపాటు కూయుచుండును. అట్టి బండికి ఇంజను విప్పినవాని కష్టము ఊహించుడి!

ఈ క్రమమంతటికి ప్రాణము ఒక్క నియమములో ఉన్నది: ఒకేసారి రెండింటిని మార్చకుడి. ఒకదానిని మార్చి, విని, తరువాతనే రెండవదానికి పోవుడి. ఒకడు తొందరపడి ఆల్టర్నేటరు మార్పించెననుకొందము. మూలుగు పోలేదు. స్టీరింగు పంపు మార్పించెను. అదియు వ్యర్థమాయెను. రెండు వాయిదాల డబ్బు పోయిన తరువాత, బెల్టును బిగువుగా ఉంచు చిన్న పుల్లీలోని అరచేతిలో ఇమిడే బేరింగు ఒకటి అరిగియుండెనని తెలిసెను. ఇంజను మంచిదే, ఆల్టర్నేటరు మంచిదే, పంపు మంచిదే. తప్పు అతి చిన్నదానిలో ఉండెను. శిక్ష మంచివాటికి పడెను.

3. ఆకాను గుడారము

ఇశ్రాయేలీయులు యెరికోను జయించిన తరువాత హాయి అను చిన్న ఊరి యెదుట ఓడిపోయిరి. సుమారు 3,000 మంది వెళ్లి, 36 మందిని పోగొట్టుకొని పారిపోయి వచ్చిరి. యెహోషువ సాయంకాలమువరకు నేలమీద పడియుండి, యొర్దాను నదిని ఎందుకు దాటించితివని దేవునినే అడిగెను. అంత పెద్ద దైవజనునికి కూడ మొదట తోచిన కారణము సరియైనది కాదు.

దేవుడు అతనిని లెమ్మని చెప్పి, వెదకు క్రమమును నేర్పెను. జనులందరిని ఒక్కసారిగా దోషులుగా ఎంచి శిక్షించుమనలేదు. ఎవరినైనను ఊహించి పట్టుకొనుమనలేదు. మొదట గోత్రము, తరువాత వంశము, తరువాత కుటుంబము, ఆ తరువాత ఒక్కొక్క పురుషుడు. యూదా గోత్రము నిలిచినప్పుడు తక్కిన గోత్రములు విడుదల పొందెను. జెరహు వంశము నిలిచినప్పుడు తక్కిన వంశములు విడుదల పొందెను. కడపట ఆకాను నిలిచెను. వాని గుడారములో భూమి క్రింద దాచిన వస్త్రము, వెండి, బంగారము బయటపడెను.

క్రమముగా వెదకుట అనగా దోషిని పట్టుకొనుట మాత్రమే కాదు, ఆ దారిలో నిరపరాధులను ఒక్కొక్కరిని విడిపించుట. దీనిని మనము తరచుగా మరచుచున్నాము.

4. మన సంఘములో, మన హృదయములో

ఒక పల్లె సంఘములో ఆదివారపు ఆరాధనకు వచ్చువారు తగ్గిరనుకొనుడి. పాస్టరుగారి ప్రసంగములో బలము లేదని ఒకరందురు. యౌవనస్థులు చెడిపోయిరని మరియొకరందురు. పాస్టరుగారిని మార్పించుదురు, యౌవనస్థుల కూటమును ఆపించుదురు. మూలుగు మాత్రము పోదు. నెమ్మదిగా విచారించినయెడల, రెండు కుటుంబముల మధ్య తీరని చిన్న అప్పు ఒకటి బయటపడవచ్చును. ఆ యింటివారు ఈ యింటివారి ముఖము చూడలేక మానిరి. వారిని చూచి బంధువులు మానిరి. ఇంతలో ఒక మంచి సేవకుడు కన్నీళ్లతో ఊరు విడిచిపోయియుండును. పూర్తిగా వినకముందే జవాబు చెప్పుట అవివేకమని సామెతల గ్రంథము హెచ్చరించుట ఇందుకే.

కొందరు మూలుగును వెదకరు. రేడియో స్వరము పెంచుదురు. సౌలు రాజు ఆజ్ఞ నెరవేర్చితినని బిగ్గరగా చెప్పుకొనుచుండగా గొఱ్ఱెల అరుపులు సమూయేలు చెవిని పడెను (1 సమూయేలు 15:14). ఎంత గట్టిగా పాడినను, ఎంత దీర్ఘముగా ప్రార్థించినను, దాచిన గొఱ్ఱెలు అరచుచునే యుండును. బేరింగు తనంతట తాను బాగుపడదు. అరిగి అరిగి ఒకనాడు ఘాటు రోడ్డు మీద బెల్టును తెంపును.

హృదయమును గూర్చి కూడ ఇట్లే అడుగుడి. నా కోపము ఎప్పుడు పుట్టుచున్నది? ఇంటిలోనా, పొలములోనా, ఒకని పేరు విన్నప్పుడా? భారము మీద పడినప్పుడే నా సణుగుడు హెచ్చుచున్నదా? నేను చెడ్డవాడను అని ఒక్క మాటలో చెప్పి లేచిపోవుట సులభము. ఏ సంగతిలో, ఎవరియెడల అని చెప్పుట కష్టము. దావీదు తనను పరిశోధించుమని దేవుని వేడుకొనెను, ఎందుకనగా తన చెవి తన మూలుగుకు అలవాటుపడునని అతనికి తెలియును.

ఆకాను కథ ఆకోరు లోయలో ముగిసెను. అయితే అదే లోయను నిరీక్షణకు ద్వారముగా చేయుదునని దేవుడు హోషేయ ద్వారా వాగ్దానము చేసెను (హోషేయ 2:15). క్రీస్తునందు మనము పాపమును కనుగొనుట రాళ్లు రువ్వుటకు కాదు, ఒప్పుకొని క్షమాపణ పొందుటకే (1 యోహాను 1:9). కారణము తెలిసిన మూలుగు సగము బాగైన మూలుగు.

కూటములో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మోషేయు యెహోషువయు ఒకే ధ్వనిని వేరువేరుగా ఎందుకు వినిరి?
2. యెహోషువ 7వ అధ్యాయములో ఏ క్రమమున వెదకిరి? ఆ క్రమములో ఎవరెవరు విడుదల పొందిరి?
3. మన సంఘములో విచారింపక నింద మోపబడినవారు ఎవరైన కలరా? వారియొద్దకు ఎవరు వెళ్లవలెను?
4. ఈ వారము నేను దేవునియెదుట పేరు పెట్టి ఒప్పుకొనవలసిన ఒక్క సంగతి ఏది?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మాకు వినుచెవి నిమ్ము. తొందరపడి మంచివారిని గాయపరచకుండ మమ్మును కాపాడుము. మాలో దాగియున్న చిన్న దోషమును నీవే చూపించి, నీ కుమారుని రక్తమువలన శుద్ధిచేయుము. రేయింబగళ్లు దారులమీద బండ్లు నడుపు మా బిడ్డలను క్షేమముగా ఇల్లు చేర్చుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.