హంతకునికి కూడా క్షమాపణ ఉన్నదా?



పాపసంకీర్తనం గూర్చి బోధించినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "స్వామీ, మనుషుల్ని చంపడమే బతుకుతెరువుగా పెట్టుకున్నవాణ్ణి కూడా దేవుడు క్షమిస్తాడా? అలాగైతే చచ్చిపోయినవారికి న్యాయమెక్కడ?" ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. ఇటలీలో జరిగిన ఒక సంఘటన ఆధారంగా దీనికి జవాబు వెదుకుదాం.

సిసిలీ ద్వీపంలోని పలెర్మో నగరంలో బ్రంకాచ్చో అనే పేద పేట ఉంది. 1990 ప్రాంతంలో అక్కడ మాఫియా ముఠాదే పెత్తనం. గ్రవియానో సోదరులు ఆ ముఠాకు నాయకులు. సల్వతోరె గ్రిగోలి వారి మనిషి. ఎవరిని చంపమంటే వారిని చంపడమే అతని పని.

1990లో ఫాదర్ జుసెప్పే పుల్యీసి ఆ పేటకు విచారణ గురువుగా వచ్చారు. ఆయన పుట్టింది కూడా అక్కడే. పిల్లలు వీధినపడి ముఠా చేతికి చిక్కకుండా 1993లో ఆయన ఒక కేంద్రం తెరిచి, దానికి పరలోక జపం పేరు పెట్టారు. పేటకు బడి కావాలని అధికారుల వెంటపడ్డారు. పండుగలకు మాఫియా ఇచ్చే చందాలు వద్దన్నారు. ఆ ఏడు మే 9న రెండవ జాన్ పాల్ పోపుగారు సిసిలీలోనే అగ్రిజెంతో వద్ద మాట్లాడుతూ, దేవుని తీర్పు ఒకటుందని, మారుమనస్సు పొందమని మాఫియావారిని గట్టిగా హెచ్చరించారు.

1993 సెప్టెంబరు 15 ఫాదర్‌గారి 56వ జన్మదినం. ఆ రాత్రి ఆయన ఇంటి గుమ్మం దగ్గర ముఠావారు అడ్డగించారు. గాస్పరె స్పతూజ్జా అనేవాడు, ఇది దోపిడీ అన్నాడు. మీరు వస్తారని నాకు తెలుసన్నట్లు ఫాదర్‌గారు చిరునవ్వు నవ్వారు. గ్రిగోలి వెనుకనుంచి తలపై కాల్చాడు.

గ్రిగోలి ఆ మరునాడే మారిపోలేదు. 1997లో పట్టుబడిన తరువాత నోరు విప్పి, ఈ హత్యతోపాటు 40కి పైగా హత్యలు ఒప్పుకున్నాడు. ఆ చిరునవ్వు తనను వదలడం లేదని చెప్పాడు. చంపమన్న గ్రవియానో సోదరులకు యావజ్జీవ శిక్ష పడింది. స్పతూజ్జా కూడా 2008 నుంచి నిజాలు చెప్పసాగాడు. జడ్జి బోర్సెల్లీనోను 1992లో బాంబుతో చంపిన కేసులో తన పాత్రను ఒప్పుకున్నాడు. దానివల్ల, ఆ కేసులో అన్యాయంగా యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్న కొందరు 2011లో విడుదలయ్యారు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మంచి పాపసంకీర్తనానికి మూడు కావాలని తిరుసభ బోధిస్తుంది. చేసినదానికి దుఃఖపడాలి, దాన్ని ఒప్పుకోవాలి, జరిగిన నష్టానికి పరిహారం చేయాలి. జక్కయ అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19). మరి హంతకుడు ఏమి తిరిగి ఇవ్వగలడు? ప్రాణం ఇవ్వలేడు. కాని నిజం ఇవ్వగలడు. దాచిపెట్టిన ఆ నిజం చనిపోయినవారి బిడ్డలది, జైలులో మగ్గుతున్న నిర్దోషులది.

అందుచేత క్షమాపణ న్యాయాన్ని కొట్టివేయదు. సిలువమీద పశ్చాత్తాపపడిన దొంగను చూడండి (లూకా 23). తనకు తగిన శిక్షే పడిందని అతడు ఒప్పుకున్నాడు. ప్రభువు అతనికి పరలోకం వాగ్దానం చేశాడు గాని, సిలువ దింపలేదు. గ్రిగోలి హృదయం దేవునికే తెలుసు. కాని ఆ వాకిలి ఎవరికీ మూసిలేదని చెప్పడం మన విశ్వాసం. అది ఇరుకు వాకిలి అని చెప్పడం మన బాధ్యత.

ఇంకొక మాట. ఏ తల్లీ హంతకుణ్ణి కనదు. చిన్న చిన్న పనులు చేయించుకుని, చేతిలో డబ్బు పెట్టి, పొగిడి, ఒక పిల్లవాణ్ణి అటువైపు తిప్పుతారు. ఫాదర్ పుల్యీసి తుపాకి పట్టినవాని కోసమే కాదు, ఇంకా పట్టని పిల్లవాని కోసం ప్రాణమిచ్చారు. తిరుసభ ఆయనను వేదసాక్షిగా గుర్తించి, 2013 మే 25న ధన్యుడని ప్రకటించింది.

మరి మన ఇండ్లలో? ఎలా సంపాదించాడో అడగకుండా డబ్బున్నవాణ్ణి పిల్లల ముందు మెచ్చుకుంటాం. పండుగ చందా ఎక్కువిస్తే ముందు వరుసలో కూర్చోబెడతాం. ఈ విషయంలో మా గురువులకూ ఆత్మపరిశీలన అవసరమే. పిల్లలు ఇవన్నీ చూస్తున్నారు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో పరలోక జపం మెల్లగా చెప్పండి. మన అప్పుల క్షమాపణ అడిగే చోట ఒక్క క్షణం ఆగి, మనం ఎవరికి ఏ నిజం బాకీ ఉన్నామో ఆలోచించండి. ఆ బాకీ తీర్చే ధైర్యం ప్రభువు మనకందరకు దయచేయునుగాక!