ఎల్.ఇ.డి. దీపం: వెలుగు, ఆయుష్షు

తెల్లని ఎల్.ఇ.డి.కి మూలం నీలికాంతి డయోడు. దానిని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. ఈ దీపం ఆయుష్షు ముఖ్యంగా ప్రవాహం, వేడిమి అనే రెండింటిపై ఆధారపడి ఉంటుంది.

తాడిపత్రిలో కరెంటు పోయిన రాత్రి చదువుకోవడానికి 12 వోల్టుల బ్యాటరీకి మూడు చిన్న తెల్లని ఎల్.ఇ.డి.లను శ్రేణిలో కలుపుతామనుకుందాం. ఒక్కొక్కటి సుమారు 3 వోల్టులు తీసుకోగా 3 మిగులుతాయి. ఇట్టి డయోడుకు ప్రవాహం సాధారణంగా 20 మిల్లీఆంపియర్లు మించరాదు. కనుక 150 ఓముల నిరోధకం చాలునని తోస్తుంది. కాని ఛార్జి అవుతున్న బ్యాటరీ 14.4 వోల్టులకు చేరవచ్చు. అప్పుడు ప్రవాహం 36 మిల్లీఆంపియర్లై డయోడు త్వరగా క్షీణిస్తుంది. 270 ఓములు వాడితే 14.4 వద్ద 20, 12 వద్ద 11 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. వెలుగు కొంత తగ్గినా ఆయుష్షు పెరుగుతుంది.

ఇంటి బల్బు కొనేటప్పుడు వెలుగుకు వాట్లను గాక ల్యూమెన్లను చూడాలి. మన వేసవి 40 డిగ్రీలు దాటుతుంది కనుక గాలి ఆడని మూసిన గాజు బుడ్డిలో దానిని బిగించరాదు. ఈపాటి లెక్క ముందుగా వేసుకుంటే పరీక్షల నడుమ మన దీపం ఆరిపోదు.