అవనత పతాకం

పిల్లలూ! జెండా స్తంభం కొనకు కాక, సగం ఎత్తున ఎగరడం మీరెప్పుడైనా చూచారా? దానిని అవనత పతాకం అంటారు. దేశానికి పెద్దదిక్కయిన వారు మరణించారని నోరు విప్పకుండా చెప్పే గుర్తు అది.

మనవారు ఎందరో బతుకుతెరువు కోసం వెళ్లిన బహ్రెయిన్ సంగతి చూద్దాం. అది గల్ఫు సముద్రంలో చిన్న ద్వీప దేశం. షేక్ ఈసా బిన్ సల్మాన్ అల్ ఖలీఫా 1961లో దానికి పాలకుడయ్యారు. 1971లో దేశం స్వతంత్రమైనప్పుడు 'అమీరు' అయ్యారు. భారతీయ పిల్లలు చదివే ఇండియన్ స్కూలు ఉన్న ఈసా టౌనుకు ఆ పేరు ఆయనదే. 1999 మార్చి 6న ఆయన గుండెపోటుతో మరణించారు.

ఆయన కుమారుడు షేక్ హమద్ ఆనాడే అమీరయ్యారు. ఇంటిలో పెద్ద పోతే కొన్నాళ్లు పనులు ఆపుకొంటాము. రాజ్యానికి ఆ వీలు లేదు. కన్నీరు తుడుచుకోకముందే బాధ్యత భుజానికెత్తుకోవాలి. 2002 ఫిబ్రవరి 14న బహ్రెయిన్ రాజ్యంగా మారి, హమద్ రాజయ్యారు.

ఇస్లాం ఆచారంలో ఖననానికి ఆలస్యం చేయరు. దేహానికి స్నానం చేయించి, కుట్టులేని తెల్లని వస్త్రం చుట్టి, వరుసలలో నిలిచి ప్రార్థన చేస్తారు. ముత్యాల కోసం సముద్రంలో మునిగిన పేదకయినా, దేశమేలిన అమీరుకయినా ఆ వస్త్రం ఒక్కటే!

2020 నవంబరు 11న ఈసాగారి తమ్ముడు, దీర్ఘకాలం ప్రధానిగా ఉన్న షేక్ ఖలీఫా మరణించారు. దేశం వారం రోజులు సంతాపం పాటించింది, జెండాలు దించింది. కాని అది కరోనా కాలం. అందుచేత ఖననానికి కొద్దిమంది బంధువులే వెళ్లారు. బతికి ఉన్నవారి క్షేమం కోసం జనం రాకపోవడం కూడా ఒక మర్యాదే.

మన హైదరాబాదులో జరిగినది వేరు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరి 24న మరణించారు. ఆయన రాజ్యం 1948లోనే భారతదేశంలో కలిసిపోయింది. ఆనాటికి ఆయన చేతిలో అధికారం లేదు. అయినా వీధులు జనంతో నిండిపోయాయి. కింగ్ కోఠీ ఎదుటి జూదీ మసీదులో, తల్లి సమాధి చెంత ఆయనను ఖననం చేశారు.

దీనివలన ఏమి తెలుస్తున్నది? ప్రభుత్వం సెలవు ప్రకటించగలదు, జెండా దించగలదు. దుఃఖించమని మాత్రం ఆజ్ఞాపించలేదు. అది మనుషుల గుండెలోనుండి రావాలి. ఒక పాలకుని పట్ల అందరి మనసూ ఒకేలా ఉండదు కూడా. అయినా మరణం ముందు మౌనంగా నిలబడడం నాగరికత.

మన దేశంలో జెండాను అవనతం చేసేటప్పుడు ముందుగా కొనవరకు ఎగురవేసి, క్షణమాగి, తరువాత సగానికి దించుతారు. సాయంకాలం తీసేటప్పుడు కూడా మళ్లీ కొనకు చేర్చిన తరువాతనే దించుతారు. మనిషి పోవచ్చు; దేశం నిలిచి ఉంటుందని ఆ జెండా చెబుతున్నది.

కొత్త మాటలు
అవనతం : వంగినది, కిందికి దించినది
సంతాపం : దుఃఖం
ఖననం : పూడ్చిపెట్టడం

ప్రశ్నలు
1. హమద్ తండ్రి పోయిన నాడే ఎందుకు అమీరు కావలసి వచ్చింది?
2. 2020లో ఖననానికి జనం ఎందుకు రాలేదు? అది మర్యాద ఎట్లా అయింది?
3. అధికారం లేని నిజాం కోసం జనం ఎందుకు వచ్చి ఉంటారు? మీ ఇంటి పెద్దలతో మాట్లాడి ఐదు వాక్యాలు రాయండి.