సముద్రశాస్త్ర సంఘమునకు తీరప్రజల తోడ్పాటు

ఊరి చెరువులో చేపలు తగ్గినవన్న మాట రాగానే పంచాయతీ సమావేశమున రెండు పక్షములు లేచును. వల కన్ను చిన్నదైనదని ఒకరు, వానలు లేవని మరొకరు వాదింతురు. ఏటేట వ్రాసిపెట్టిన లెక్క మాత్రము తరచుగా ఎవరియొద్దను ఉండదు. సముద్రమును గూర్చిన ఇట్టి వాదమే ఇంగ్లండులో ఒక శాస్త్ర సంఘపు తొలినాళ్లలో పెద్ద చర్చగా ఉండెను. ఆ సంఘము ప్రజలతో ఎట్లు మెలగినదో సభ్యులకు తెలుపదలచితిమి.

1883లో లండను మత్స్య ప్రదర్శనమున థామస్ హెన్రీ హక్స్‌లీ అను ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు, గొప్ప సముద్ర మత్స్యసంపదలు బహుశః తరుగనివని చెప్పెను. చేపలు తగ్గుచున్నవని మొరపెట్టుకొను జాలరులు అప్పటికే పలువురుండిరి. 1884లో సముద్ర జీవశాస్త్ర సంఘము స్థాపింపబడగా హక్స్‌లీయే తొలి అధ్యక్షుడాయెను. అయినను 1900లో సంఘ పత్రికయందు వాల్టర్ గార్‌స్టాంగ్ అను పరిశోధకుడు, పడవల శక్తి పెరుగుచున్నను దానికి తగినట్లు చేప దొరకుట లేదని అంకెలతో చూపెను. అధ్యక్షుని మాటకు విరుద్ధమైన లెక్కను సంఘము దాచక అచ్చువేసినది. సంఘము చేసిన పనులలో మేము దీనినే మిన్నగా ఎంచుదుము.

1888లో ప్లిమత్ రేవుపట్టణమున సంఘ ప్రయోగశాల తెరువబడినది. అందులోనే సజీవ మత్స్యములను ప్రజలు చూచుటకు గాజు తొట్ల శాల ఏర్పడి, ఇరువదవ శతాబ్దము చివరివరకు నడచినది.

చూపించుటతో సంఘము తృప్తిపడలేదు. ఇటీవలి కాలమున పాఠశాలల పిల్లలను, తీరవాసులను రాతి తీరముల పరిశీలనకు పిలిచినది. ఆటు వేళ నీరు వెనుకకు తీసినప్పుడు వారు పోయి, రాళ్లపై చతురస్రపు చట్రము నుంచి, అందలి నత్తలను, రాతిని కరచుకొనియుండు చిప్పలను, నాచును గుర్తించి వ్రాయుదురు. పేర్కొన్న జీవిని నిర్ణీత సమయము వెదకినను కానరానిచో, కానరాలేదనియు వ్రాయవలెను. ఇది వ్యర్థమని తోచవచ్చును. కాని తరువాతి ఏట అదే జీవి అచటనే కనబడినచో అది కొత్తగా వచ్చినదని తెలియుట ఆ వ్రాతవలననే. నీరు వెచ్చనగుకొలది కొన్ని వెచ్చని నీటి నత్తలు అంతకుముందు లేని తీరములకు వ్యాపించినవని ఇట్టి లెక్కలవలన తెలియవచ్చినది. ఈ లెక్కలందు తప్పులు దొరలకుండ తెలిసినవారు సరిచూతురు.

మన విశాఖ, భీమునిపట్నము ప్రాంతములందును రాతి తీరములు కలవు. అచటి పంచాయతీలు పాఠశాలతో కలిసి ఒక చోటును ఎన్నుకొని, ఏటేట అదే మాసమున, అదే రీతిని పరిశీలింపవచ్చును. వ్రాసిన పుస్తకపు ప్రతిని పంచాయతీ కార్యాలయమున ఉంచవలెను. పిల్లలవెంట సముద్రమెరిగిన జాలరి ఒకరు తప్పక ఉండవలెను. పోటు మరలకముందే ఒడ్డు చేరవలెను. తిరుగవేసిన రాళ్లను మరల యథాస్థానమున ఉంచవలెను; లేనిచో వాని క్రింది జీవులు ఎండకు చచ్చును.