మరణమనగా ఏమి?

చదువవలసిన భాగములు: ఆదికాండము 35:16–20, యోహాను 11:38–44, యాకోబు 2:26



హోసూరు, కృష్ణగిరి రహదారి మీద తలకు గాయమైనవారిని అనేకసార్లు బెంగళూరు ఆసుపత్రులకు తీసికొనిపోవుదురు. "బ్రెయిన్ డెత్ అయినది" అని డాక్టర్లు చెప్పినప్పుడు బంధువులు అడుగు ప్రశ్న ఒకటే: "గుండె కొట్టుకొనుచున్నది, ఒళ్లు వెచ్చగా ఉన్నది. చనిపోయెనని ఎట్లు ఒప్పుకొందుము?" ఆ గడియ రాకముందే ఈ సంగతి నేర్చుకొనుట మేలు.

1. లేఖనము చెప్పునది

మరణమనగా లేకుండ పోవుట కాదు, వేరగుట. ఆత్మ లేని శరీరము మృతమైనదని యాకోబు బోధించెను. రాహేలు తన ప్రాణము పోవుచుండగా కుమారునికి పేరు పెట్టెను. దేవునినుండి వేరగుట ఆత్మీయ మరణము (ఎఫెసీ 2:1), శాశ్వతముగా వేరగుట రెండవ మరణము (ప్రకటన 20:14). అయితే ఆత్మ ఏ నిమిషమున వెళ్లునో లేఖనము చెప్పలేదు. శరీరములోని గురుతులను పరీక్షించుట వైద్యుల పని.

2. చట్టము చెప్పునది

జీవపు గురుతులన్నియు శాశ్వతముగా మాయమగుటయే మరణమని 1969 జనన మరణముల రిజిస్ట్రేషన్ చట్టము నిర్వచించినది. అది రెండు విధములుగా జరుగునని 1994 అవయవ మార్పిడి చట్టము చెప్పినది: గుండె, ఊపిరి ఆగిపోవుట, లేదా బ్రెయిన్ స్టెమ్, అనగా మెదడు కాండము, చనిపోవుట. ఊపిరి తీయుమని ఆజ్ఞ ఇచ్చునది మెదడు కాండమే. అది చచ్చినను వెంటిలేటరు గాలి నింపుచుండును. ప్రాణవాయువు అందుచున్నంతసేపు గుండె తనంతట తానే కొంతకాలము కొట్టుకొనును. ఈ చట్టము క్రింద నలుగురు డాక్టర్ల బోర్డు కనీసము 6 గంటల ఎడముతో రెండు మారులు పరీక్షించి సంతకము చేయవలెను.

కోమా వేరు. కోమాలో ఉన్నవారు బ్రతికియే యున్నారు, కొందరు కోలుకొందురు. కావున "ఇది కోమానా, బ్రెయిన్ డెత్తా? పరీక్షలు రెండు మారులు జరిగినవా?" అని తప్పక అడుగుడి.

3. మనము చేయవలసినది

పరీక్షలు ముగిసిన తరువాత మరణమును ఒప్పుకొనుట అవిశ్వాసము కాదు. నాలుగు దినములు సమాధిలో ఉన్న లాజరును లేపిన ప్రభువునకు వెంటిలేటరు అక్కరలేదు.

అవయవదానమునకు దగ్గర బంధువుల సమ్మతి కావలెను. బలవంతము లేదు, అమ్ముట నేరము. మట్టిలో కలిసిన దేహమును లేపువాడు ఇచ్చివేసిన మూత్రపిండమునుబట్టి ఆగిపోడు. ఇచ్చినవారిని గాని ఇయ్యనివారిని గాని సంఘము తీర్పు తీర్చరాదు.

మరణమును 21 దినములలోగా, అది జరిగిన చోటనే నమోదు చేయించవలెను. బెంగళూరులో జరిగినయెడల అక్కడే, హోసూరులో జరిగినయెడల ఇక్కడే, సొంతూరిలో కాదు. ఆసుపత్రిలోనైతే ఆసుపత్రివారు తెలియజేయుదురు, ఇంటనైతే ఇంటివారే తెలుపవలెను.

సొంతూరికి తీసికొనిపోలేకపోతిమని దుఃఖించువారు కలరు. రాహేలు దారిలోనే పాతిపెట్టబడెను. యాకోబు తన పితరుల సమాధికి చేర్చబడెను. సమాధులు వేరైనను వారి దేవుడు ఒక్కడే.

చర్చించుడి:
1. కోమాకును బ్రెయిన్ డెత్‌కును గల భేదమేమి?
2. అవయవదానమునుగూర్చి మీ ఇంట ముందుగా మాటలాడుకొంటిరా?
3. ఆసుపత్రిలో వేచియున్న కుటుంబమునకు మన సంఘము ఏమి చేయగలదు?