సైకిలు మడ్గార్డులు

సైకిలు కొనువారు చక్రములను, సీటును, బెల్లును శ్రద్ధతో పరికింతురు. మడ్గార్డులను మాత్రము పెక్కుమంది లెక్కచేయరు. వర్షాకాలమున బురదత్రోవలో ఒక్క కిలోమీటరు పోయినగాని వాని విలువ తెలియదు. అవి బట్టలను మాత్రమేగాక సైకిలు ఆయువును గూడ కాపాడును. సరిగా బిగింపనిచో అవియే ఎక్కినవానిని పడద్రోయును. కావున వానినిగూర్చి కొంత తెలిసికొందము.

వడిసెలనుండి విడిచిన రాయి గుండ్రముగా తిరుగక తిన్నగా పోవుట మీ రెరుగుదురు. టైరున కంటిన నీటిబొట్టును అట్లే చక్రమును వీడి స్పర్శరేఖ వెంబడి ఎగురును. వెనుకచక్రపు నీరు వీపున చారగా పడును. ముందుచక్రపు నీరు పాదములపైనను, పెడళ్ల నడిమి ఇరుసుపైనను, గొలుసుపైనను పడును. ఆ నీటిలో ఇసుక యుండును. ఇసుక కలిసిన చమురు గొలుసును ఆకురాయివలె అరుగదీయును. చొక్కా మరకను ఉదికి పోగొట్టవచ్చును; అరిగిన గొలుసును మార్చుటకన్న వేరు దారి లేదు.

మడ్గార్డులను ఉక్కురేకుతోను, అల్యూమినియముతోను, ప్లాస్టిక్కుతోను చేయుదురు. ఉక్కురేకు దృఢమైనది, వంగినచో తట్టి సరిచేసికొనవచ్చును. కాని రంగు లేచిన చోట త్రుప్పు పట్టును. మచిలీపట్నము, విశాఖపట్నము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలివలన ఈ కీడు మరింత త్వరగా కలుగును. అల్యూమినియము తేలికైనది, త్రుప్పు పట్టదు. అయినను ఎడతెగని అదురువలన బోల్టు రంధ్రములయొద్ద చీలును. ప్లాస్టిక్కు వంచినను తిరిగి యథారూపము పొందును. పలుచనిది మాత్రము ఎండకు పెళుసెక్కి విరుగును. ఏ రేకైనను అంచు లోనికి చుట్టినదానిని ఎన్నుకొనుడు. చేట అంచునకు బద్ద కట్టుటయు, బిందె మూతి అంచు మడుచుటయు ఏ బిగువుకొరకో, ఇదియు అందుకొరకే.

ఇక కొలత. 28 అంగుళముల చక్రములుగల సాధారణపు సైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళము, అనగా సుమారు 38 మిల్లీమీటర్లు. మడ్గార్డు దానికన్న కనీసము 10 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పుండవలెను. టైరునకు మడ్గార్డునకు నడుమ వ్రేలు దూరునంత సందు వలయును. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతముల నల్లరేగడి త్రోవలలో జిగటమన్ను ఆ సందున కూరుకొని చక్రమును కదలనీయదు. అట్టిచోట సందు మరికొంత ఎక్కువగా నుండుట మేలు. మన్ను చేరినచో దిగి, పుల్లతో గోకివేసి, పిమ్మట ఎక్కవలెను.

బిగించునపుడు తొందర కూడదు. మొదట బోల్టులన్నిటిని వదులుగా తొడుగుడు. బోల్టు తల టైరువైపునను, నట్టు వెలుపలను ఉండవలెను; లేనిచో పొడుచుకొనివచ్చిన మొన టైరును కోయును. రెండువైపుల వాషరులు వేయుడు. కమ్మి పొట్టిదైనచో మడ్గార్డును బలవంతముగా లాగి బిగింపరాదు. అట్లు లాగబడిన రేకు ఆ రంధ్రముయొద్దనే పగులును. చక్రమును తిప్పి సందు అంతటను సమముగా నున్నదో లేదో చూచి, అప్పుడు పానాతో ఒక్కొక్కటిగా బిగింపుడు. కమ్ములు ఇరుసు నట్టుల క్రింద నుండు సైకిళ్లలో ఆ నట్టులను విప్పి బిగింపవలసి వచ్చును. కావున చక్రము నడుమకు వచ్చినదా, గొలుసు తగినంత బిగువుగా నున్నదా, బ్రేకు పట్టుచున్నదా అని మరల పరీక్షింపుడు. ముందు మడ్గార్డు చివర పాత ట్యూబునుండి కోసిన రబ్బరు ముక్కను వ్రేలాడదీసినచో పాదములకును గొలుసునకును రక్షణ హెచ్చును.

అన్నిటికన్న ముఖ్యమైనది ముందు మడ్గార్డు. దాని కమ్మి ఊడి ఆకులలో చిక్కినను, పుల్లయో రాయియో సందున దూరినను, టైరు మడ్గార్డును తనతో లాగికొనిపోయి నలుపును. చక్రము హఠాత్తుగా ఆగును. ఎక్కినవాడు హ్యాండిలు మీదుగా ముందునకు పడును. అందుచేతనే కొన్ని నవీనపు మడ్గార్డుల ముందు కమ్ములకు, గట్టిగా లాగబడినచో తమంతట విడివడు బిగింపులు అమర్చుచున్నారు. మీ సైకిలున అట్టివి లేనిచో మీ చెవియే కావలి. గలగల శబ్దము వినబడినతోడనే దిగి చూడుడు. పురికొసతో కట్టి దినములు గడుపకుడు.

వాన వెలిసిన పిదప మడ్గార్డు లోపలి బురదను కడిగి ఆరనిండు. తడిమన్ను నిలిచినచోటనే త్రుప్పు పుట్టును. నెలకొకసారి నట్టులను పరీక్షింపుడు. చిన్న నట్టు బిగించుటకు పట్టు కాలము రెండు నిమిషములు. దాని నుపేక్షించుటవలన కలుగు నష్టమునకు మేర లేదు.

అభ్యాసము

1. నీటిబొట్టు చక్రమును వీడి ఏ దిశను పోవును? ఉపమానముతో వివరింపుడు.
2. మూడు విధములైన మడ్గార్డుల గుణదోషములను తెల్పుడు.
3. నల్లరేగడి ప్రాంతములలో సందు ఎక్కువగా నుండవలయునన రేల?
4. మీ యింటి సైకిలు మడ్గార్డులను పరీక్షించి, కనుగొన్న లోపములను ఐదు వాక్యములలో వ్రాయుడు.